పండగ సేల్‌కు ముందు కోడ్‌లో ప్రింట్‌లు పెడుతున్నారా? ఇవి చూసుకోండి

దసరా, దీపావళి సేల్ దగ్గర పడుతుంటే ఈ-కామర్స్ టీముల్లో కోడ్ ఫ్రీజ్ (సేల్ అయ్యేదాకా కోడ్‌లో కొత్త మార్పులు ఆపేయడం) పెడతారు. ఫ్రీజ్‌కి ముందు రోజు సాయంత్రం ఎవరో ఒకరు తప్పకుండా అంటారు: "ఎందుకైనా మంచిది, ఆర్డర్ ఆబ్జెక్ట్ మొత్తం లాగ్‌లో పడేలా ఒక లైను వేసేయ్ అన్నా, రేపు ఏదైనా తేడా వస్తే చూసుకోవచ్చు." ఆ ముందుచూపు మంచిదే. చిక్కేంటంటే, డేటాను మనిషి చదివేలా లాగ్‌లో, అంటే ప్రోగ్రామ్ తన పని నమోదు చేసుకునే చోట, అచ్చు వేసే ఆ లైను కూడా కోడే. అది టైమ్ తింటుంది, ఒక్కోసారి తానే కూలిపోతుంది, ఒక్కోసారి ఉన్నది ఉన్నట్టు చూపించదు. రివ్యూలో మాత్రం "ఆ, లాగ్ లైనేగా" అని అందరూ దాటేస్తారు.

అన్నిటికంటే ముందు చూడాల్సింది ఆ లాగ్‌లోకి ఏం వెళ్తోందన్నది. 2018 మే నెలలో ట్విట్టర్ తన 33 కోట్ల మంది యూజర్లను పాస్‌వర్డ్ మార్చుకోమని చెప్పింది. ఎవరో దొంగిలించారని కాదు. పాస్‌వర్డ్‌ను హ్యాష్ (తిరిగి చదవలేని రూపంలోకి మార్చడం) చేయకముందే లోపలి లాగ్‌లో రాసేస్తున్న బగ్ ఒకటి బయటపడింది, అందుకని. మరుసటి ఏడాది ఫేస్‌బుక్‌లోనూ కోట్ల పాస్‌వర్డ్‌లు మామూలు అక్షరాల్లో నిల్వ ఉన్నాయని తేలింది. దాని మీద 2024 సెప్టెంబర్‌లో ఐర్లండ్ డేటా రక్షణ కమిషన్ 9.1 కోట్ల యూరోల జరిమానా వేసింది. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, డేటాకు తగిన భద్రత కల్పించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు.

కాబట్టి "పాస్‌వర్డ్ ఫీల్డ్ ఒక్కటి తీసేసి మిగతాదంతా ప్రింట్ చేద్దాం" అనే పద్ధతి వద్దు. లోపల మూడో అంతస్తులో రిక్వెస్ట్ హెడర్ ఉంటుంది, అందులో లాగిన్ టోకెన్ ఉంటుంది. వచ్చే నెల ఇంకెవరో ఆ ఆబ్జెక్ట్‌లో ఫోన్ నంబర్ కలుపుతారు, మీకు తెలియను కూడా తెలియదు. తీసేయాల్సినవాటి జాబితా రాసుకుంటే ఎప్పుడూ ఒకటి తప్పిపోతుంది. ఉండాల్సినవాటి జాబితా రాయండి: ఆర్డర్ నంబర్, స్టేటస్, మొత్తం, ఐటమ్‌ల సంఖ్య. ఆధార్, కార్డు నంబర్లు తప్పనిసరైతే చివరి 4 అంకెలు చాలు. ఓటీపీ, సీవీవీ ఏ రూపంలోనూ వద్దు. పైథాన్ డేటాక్లాస్‌లో (డేటా పెట్టుకోవడానికి రాసే క్లాస్) ఫీల్డ్ దగ్గరే రెప్ర్‌ను (repr, వాల్యూను కోట్స్, దాక్కున్న గుర్తులతో సహా చూపే రూపం) ఫాల్స్ అని పెడితే, ఆ క్లాస్‌కు దానంతటదే తయారయ్యే అచ్చులో ఆ ఫీల్డ్ రాదు. లాగ్ లైను రాసే ప్రతి ఒక్కరూ గుర్తుపెట్టుకోవాలని ఆశించే బదులు క్లాస్ రాసిన చోటే తలుపు వేసేయడం నాకు నచ్చిన పద్ధతి. కాకపోతే ఆబ్జెక్ట్‌ను డిక్షనరీగా మార్చి ప్రింట్ చేస్తే ఆ తలుపు పనిచేయదు, అది మరవకండి.

తర్వాత, ప్రింట్ వల్లే ప్రోగ్రామ్ పడిపోతుందేమో చూడండి. ఆర్డర్‌లో కస్టమర్, కస్టమర్‌లో ఆర్డర్ల లిస్ట్, ఆ లిస్ట్‌లో మళ్లీ ఇదే ఆర్డర్. ఇలాంటి చుట్టు తిరిగే డేటా లిస్టులు, డిక్షనరీల్లో ఉంటే పైథాన్ మామూలు ప్రింట్ మూడు చుక్కలు పెట్టి ఆగిపోతుంది. డేటాను లైన్లుగా విడగొట్టి చూపే పీప్రింట్ అయితే రికర్షన్ అని రాస్తుంది. అదే డేటాను, ప్రోగ్రామ్‌లు డేటా పంచుకునే టెక్స్ట్ రూపమైన జేసన్‌గా మారిస్తే పైథాన్‌లో వాల్యూ ఎర్రర్, జావాస్క్రిప్ట్‌లో టైప్ ఎర్రర్. జావాలో లాంబాక్‌తో (మామూలు కోడ్‌ను తానే రాసిపెట్టే లైబ్రరీ) రెండు క్లాసులకూ టూస్ట్రింగ్ (ఆబ్జెక్ట్‌ను అక్షరాలుగా మార్చే ఫంక్షన్) పెట్టి ఉంటే స్టాక్ ఓవర్‌ఫ్లో, అంటే అవి ఒకదాన్నొకటి పిలుచుకుంటూ చోటు నిండి ఎర్రర్. హైబర్నేట్ (జావా ఆబ్జెక్ట్‌లను డేటాబేస్‌తో కలిపే లైబ్రరీ) వాడేవాళ్లకు ఇంకొకటి: లేజీగా, అంటే అవసరమైనప్పుడే తెచ్చేలా, ఉంచిన కలెక్షన్‌ను టూస్ట్రింగ్ తాకితే డేటాబేస్‌కి కొత్త క్వెరీ వెళ్తుంది, సెషన్ అప్పటికే మూసేసి ఉంటే ఎక్సెప్షన్ వస్తుంది. సేల్ మొదలైన మొదటి గంటలో ఒక్కో ఆర్డర్‌కూ ఒక్కో అదనపు క్వెరీ పడితే ఆ రాత్రి ఆన్‌కాల్‌లో ఉన్నవాళ్ల టెన్షన్ ఊహించుకోండి. ప్రింట్ పనిని ఒక చిన్న ఫంక్షన్‌లో పెట్టి, అందులో వచ్చే ఎర్రర్‌ను అక్కడే పట్టేయండి. లాగ్ రాకపోయినా ఆర్డర్ ఆగకూడదు.

ప్రింట్ చేయడం వల్లే డేటా ఖాళీ అయ్యే సందర్భాలూ ఉన్నాయి. జెనరేటర్‌ను (వాల్యూలను అడిగినప్పుడు ఒక్కొక్కటిగా ఇచ్చేది) లిస్ట్ చేసి ప్రింట్ చేస్తే అక్కడితో అది ఖాళీ, కింద లూప్‌కు ఏమీ మిగలదు. జావాస్క్రిప్ట్‌లో ఫెచ్‌తో సర్వర్ నుంచి తెచ్చిన రెస్పాన్స్ బాడీ కూడా అంతే, ఒక్కసారే చదవగలం.

ఇక ప్రింట్ ఉన్నది ఉన్నట్టు చూపించని సందర్భాలు. డీబగ్గింగ్‌లో గంటలు మింగేవి ఇవే. బ్రౌజర్‌లో కన్సోల్ లాగ్ చేసిన ఆబ్జెక్ట్‌ను బాణం గుర్తు నొక్కి తెరిస్తే, లాగ్ చేసిన క్షణంలో ఏముందో కాదు, తెరిచిన క్షణంలో ఏముందో కనిపిస్తుంది. మధ్యలో కోడ్ దాన్ని మార్చేసి ఉండొచ్చు. ఆ క్షణం కావాలంటే కాపీ తీసి ప్రింట్ చేయాలి. నోడ్‌లో (జావాస్క్రిప్ట్‌ను బ్రౌజర్ బయట నడిపేది) అచ్చు వేసే లోతు మామూలుగా 2 అంతస్తులే. ఆ కింద ఉన్నదంతా "ఆబ్జెక్ట్" అనే ఒక్క ముక్కలో ముగుస్తుంది, 100 దాటిన అర్రే కూడా మధ్యలో తెగిపోతుంది. జేసన్ స్ట్రింగిఫై చేస్తే అన్‌డిఫైన్డ్ ఉన్న ఫీల్డ్‌లు చెప్పకుండా మాయమవుతాయి, మ్యాప్ ఖాళీ బ్రాకెట్‌లుగా మారుతుంది. పైథాన్ జేసన్‌లో 1 అనే అంకె కీ కాస్తా "1" అనే స్ట్రింగ్ అవుతుంది, టపుల్ లిస్ట్ అవుతుంది. పైథాన్ డేటా లైబ్రరీల్లో నంపై 1000 ఎలిమెంట్లు దాటితే, పాండాస్ 60 వరసలు దాటితే మధ్యలో చుక్కలు పెట్టేస్తాయి. సరిగ్గా ఆ చుక్కల్లోనే మీ బగ్ ఉండొచ్చు. అందుకే వాల్యూతో పాటు టైప్, మొత్తం సంఖ్య కూడా ప్రింట్ చేయండి.

టైప్ ఎందుకంటే, పైథాన్‌లో 2 అనే అంకెను ప్రింట్ చేసినా "2" అనే స్ట్రింగ్‌ను ప్రింట్ చేసినా తెర మీద 2 అనే వస్తుంది. 3తో గుణిస్తే మొదటిది 6, రెండోది 222. పైథాన్ 3.8 నుంచి ఎఫ్-స్ట్రింగ్‌లో (స్ట్రింగ్ మధ్యలో వేరియబుల్ పెట్టే పద్ధతి) వేరియబుల్ పేరు పక్కన సమానం గుర్తు పెడితే పేరుతో పాటు వాల్యూ రెప్ర్ రూపంలో వస్తుంది, కోట్స్‌తో సహా. టైప్ చేయడానికి ఒక్క అక్షరమే ఎక్కువ.

తెలుగు డేటా ఉన్నవాళ్లు ఇది ఇంకాస్త జాగ్రత్తగా చదవండి. పైథాన్ జేసన్ డంప్స్ మామూలుగా తెలుగు అక్షరాలన్నిటినీ కోడ్ నంబర్లుగా మార్చేస్తుంది. లాగ్‌లో ఊరి పేరు బదులు అంకెల వరస చూసి "డేటా పాడైపోయింది" అని టికెట్ ఎత్తుతారు. డేటా పాడవలేదు. ఎన్‌ష్యూర్ యాస్కీ అనే ఆప్షన్‌ను ఫాల్స్ చేస్తే అక్షరాలు తిరిగి వస్తాయి. అసలు ప్రమాదం దీనికి తిరగబడి ఉంటుంది: చక్కగా కనిపిస్తూ మోసం చేసే తెలుగు. "వరంగల్‌లో" అనే మాటలో నుంచి ఊరి పేరు మాత్రం కాపీ చేసినప్పుడు, పొల్లు పక్కన ఉండే కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అక్షరం కూడా వచ్చేయొచ్చు. మామూలు "వరంగల్" పొడవు 6, ఇది ఉన్నదాని పొడవు 7. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి, పోల్చి చూస్తే సమానం కావు, డెలివరీ ఉన్న ఊరికే డెలివరీ లేదని వస్తుంది. మామూలు ప్రింట్‌తో ఇది దొరకదు. రెప్ర్‌తో ప్రింట్ చేస్తే ఆ దాక్కున్న అక్షరం తన కోడ్‌తో బయటపడుతుంది. కొత్త లైను గుర్తులు కూడా అందులో గుర్తులుగానే కనిపిస్తాయి కాబట్టి, పేరు ఫీల్డ్‌లో ఎంటర్ కొట్టి మీ లాగ్‌లో దొంగ లైను సృష్టించడం కుదరదు. యూజర్ టైప్ చేసినది లాగ్‌లోకి వెళ్తోందంటే అనుమానంగానే చూడాలి. 2021 డిసెంబర్‌లో లాగ్‌ఫోర్‌జే అనే జావా లాగింగ్ లైబ్రరీలో లోపం బయటపడినప్పుడు ప్రపంచమంతా నిద్ర మానుకుని ప్యాచ్‌లు వేసింది ఇలాంటి చోటనే. లాగ్ చేసిన స్ట్రింగ్ బయటి సర్వర్ నుంచి కోడ్ తెప్పించి నడిపే వీలిచ్చింది.

పీప్రింట్‌తో, ఇండెంట్‌తో చక్కగా విడగొట్టిన అచ్చు మీ ల్యాప్‌టాప్‌లో బాగుంటుంది. ప్రొడక్షన్‌లో వద్దు అంటాను. చాలా లాగ్ కలెక్టర్లు ఒక్కో లైనును ఒక్కో ఎంట్రీగా తీసుకుంటాయి. ఒక ఆర్డర్ 40 లైన్లుగా చీలి, పక్క ఆర్డర్ల లైన్లతో కలిసిపోతుంది. అక్కడ ఒకే లైనులో జేసన్ రాయండి, చదివేటప్పుడు జేసన్ చదివే జేక్యూ టూల్‌తోనో, పైథాన్‌తో పాటే వచ్చే జేసన్ టూల్‌తోనో విడగొట్టుకోండి. రెండు ఆర్డర్లను పోల్చాలంటే కీలను సార్ట్ చేసి రాయాలి. పీప్రింట్ ఆ పని అడగకుండానే చేస్తుంది, కాబట్టి కీలు ఏ వరసలో వచ్చాయన్నదే మీ అనుమానమైతే దాన్ని నమ్మకండి.

డీబగ్ లెవెల్ (బగ్‌లు వెతకడానికి మాత్రమే వాడే లాగ్‌లు) ఆఫ్‌లో ఉంది కదా, ఖర్చేమీ లేదని అనుకోవద్దు. లాగర్‌కు ఇచ్చే ముందే పీఫార్మాట్‌ను (పీప్రింట్ అచ్చును స్ట్రింగ్‌గా ఇచ్చే ఫంక్షన్) పిలిస్తే, లాగ్ పడకపోయినా ఆ పని మాత్రం జరిగిపోతుంది. లెవెల్ ఆన్‌లో ఉందో లేదో చూశాకే పిలవండి. మామూలు ప్రింట్ వాడుతుంటే ఇంకో మాట: అవుట్‌పుట్ ఫైల్‌కి వెళ్తున్నప్పుడు అది బఫర్‌లో (మెమరీలోని తాత్కాలిక చోటు) ఆగుతుంది. ప్రాసెస్ ఉన్నట్టుండి చచ్చిపోతే చివరి లైన్లు ఫైల్‌కి చేరవు, మీరేమో "ఇక్కడిదాకా రానేలేదు" అని తప్పు చోట వెతుకుతారు. ప్రింట్‌లో ఫ్లష్‌ను ట్రూ చేయండి, లైను బఫర్‌లో ఆగకుండా వెంటనే వెళ్తుంది.

ఫ్రీజ్‌కు ముందు పెట్టిన ప్రతి తాత్కాలిక లైనులో వెతకడానికి వీలైన ఒకే మాట ఉంచండి, సేల్‌ఫ్రీజ్ లాంటిది. అదే మాటతో, తీసేసేవాళ్ల పేరు మీద టికెట్ ఇప్పుడే తెరవండి. సేల్ అయిపోయాక కోడ్‌లో ఆ లైన్లు తీసేస్తే సగం పనే అయినట్టు. వాటి వల్ల పోగైన లాగ్ ఫైళ్లు సర్వర్‌లో, బ్యాకప్‌లో ఎన్నాళ్లుంటాయో అడిగి, వాటిని చెరిపేసే తేదీ కూడా ఆ టికెట్‌లోనే రాయించండి.