వరుసకు రంగు పడటం లేదా? ముందు ఫార్ములాను ఒక సెల్‌లో వేసి చూడండి

ఎక్సెల్‌లో డి కాలమ్‌లో "పెండింగ్" అని ఉన్న వరుస మొత్తానికి రంగు రావాలని కండిషనల్ ఫార్మాటింగ్‌లో (షరతు నిజమైన సెల్‌కు రంగు వేసే సదుపాయం) ఫార్ములాతో నియమం పెడతాం. రంగు రాదు, లేదా రాకూడని చోట వస్తుంది. చాలామంది వెంటనే నియమాన్ని తుడిచేసి మళ్లీ రాస్తారు. దయచేసి అంతకుముందే ఆ ఫార్ములాను పట్టిక పక్కన ఖాళీ కాలమ్‌లో వేసి కిందికి లాగండి. రంగు రావలసిన వరుసలో ట్రూ కనిపిస్తే లోపం నియమంలో ఉంది. ఫాల్స్ కనిపిస్తే డేటాను అనుమానించాలి.

వరుసలో మొదటి సెల్‌కే రంగు పడితే కాలమ్ అక్షరానికి ముందు డాలర్ గుర్తు లేనట్టే: డి2 కాదు, $డి2 అని ఉండాలి. రంగు ఒక వరుస పైకో కిందికో జరిగితే, ఫార్ములాలోని వరుస సంఖ్యనూ నియమం వర్తించే పరిధిలోని మొదటి వరుస సంఖ్యనూ ఒకటి చేయండి.

ఇక నన్ను ఒక పూటంతా తిప్పలు పెట్టిన కారణం. పదం కంటికి సరిగ్గానే ఉంటుంది, ఫార్ములా మాత్రం ఫాల్స్ అంటుంది. వెబ్ పేజీ నుంచి తెచ్చిన డేటాలో పదం చివర కనిపించని ఖాళీ ఒకటి అంటుకొని వస్తుంది. ఆ సెల్‌లో ఎఫ్2 నొక్కితే కర్సర్ చివరి అక్షరానికి కాస్త దూరంగా నిలబడుతుంది. లెన్ ఫంక్షన్‌తో కొలిస్తే ఇంకా స్పష్టం: గుణింతపు గుర్తులు, సున్నాలు, పొల్లు విడివిడిగా లెక్కకు వస్తాయి కనుక "పెండింగ్" పొడవు 8, అక్కడ 9 వచ్చిందంటే దొంగ దొరికినట్టే. ఖాళీలు తీసే ట్రిమ్ ఫంక్షన్ వాడినా పోలేదని నియమాన్నే తప్పుపట్టకండి, ఎందుకంటే ట్రిమ్ తీసేది 32వ కోడ్ ఉన్న మామూలు ఖాళీని మాత్రమే. ఇక్కడ అంటుకున్నది పదాలు రెండు పంక్తులకు విడిపోకుండా వాడే 160వ కోడ్ ఖాళీ. సబ్‌స్టిట్యూట్ ఫంక్షన్‌లో యూనిచార్(160) స్థానంలో మామూలు ఖాళీని పెట్టి, ఆ మొత్తాన్ని ట్రిమ్‌లో చుట్టి, వచ్చిన ఫలితాన్ని విలువలుగా మాత్రమే పాత కాలమ్ మీద పేస్ట్ చేయండి. నియమాన్ని ముట్టుకోకుండానే రంగు వస్తుంది.

అంకెల నియమాల్లో ఖాళీ సెల్ సున్నాగా లెక్కకు వస్తుంది, టెక్స్ట్‌గా నిల్వ అయిన అంకె ఏ సంఖ్య కంటే అయినా పెద్దదవుతుంది. మొదటిదానికి షరతులో ఖాళీ కాకూడదని చేర్చండి, రెండోదాన్ని సంఖ్యగా మార్చండి. జాబితాలో పైనున్న మరో నియమానికి "స్టాప్ ఇఫ్ ట్రూ" (అది నిజమైతే కింది నియమాలను ఆపేయమని) టిక్ ఉండటం వంటివి అరుదు, చివర్లో చూసుకోవచ్చు.