విదేశంలో ఫోన్ పోతే ముందు సిమ్ ఆపించండి

పోయిన నెల మా చిన్నాయన, చిన్నమ్మ లండన్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లారు. తొమ్మిదో రోజు ట్యూబ్ (అక్కడి భూగర్భ రైలు) స్టేషన్ మెట్లెక్కి బయటికొచ్చి, ఎటు నడవాలో తెలియక చిన్నాయన ఫోన్‌లో మ్యాప్ తెరిచి పట్టుకున్నారు. ఎలక్ట్రిక్ సైకిల్ మీద ముఖానికి మాస్కు వేసుకున్న కుర్రాడొకడు వెనక నుంచి వచ్చి ఫోన్ లాక్కుని పోయాడు. చిన్నమ్మ అరిచేలోపే మలుపు తిరిగేశాడు.

ఫోన్ ఖరీదు పాతిక వేలు. ఆ నష్టం తట్టుకోగలం. అసలు నష్టం ఆ తర్వాత ఆరు గంటల్లో జరిగింది. చిన్నాయన చిన్నమ్మ ఫోన్ తీసుకుని తన నంబరుకు రింగ్ ఇస్తూ కూర్చున్నారు. "సిమ్ బ్లాక్ చేయిద్దాం నాన్నా" అని మా చెల్లెలు అంటే, "వద్దు మా, బ్యాంకు ఓటీపీలన్నీ దానికే వస్తాయి. అది ఆగిపోతే మన చేతిలో ఇంకేం ఉంటుంది" అన్నారు.

లండన్‌లో రాత్రి ఒంటిగంట, మనకు తెల్లవారుజామున ఐదున్నర. మా కుటుంబం గ్రూపులో చిన్నాయన నంబరు నుంచి మెసేజ్ వచ్చింది. ఇబ్బందిలో ఉన్నాను, అర్జెంటుగా డబ్బు కావాలి, ఈ యూపీఐకి పంపండి అని. ఒంగోలులో ఉన్న మా మేనత్త నిద్ర కళ్లతోనే నలభై వేలు పంపేసింది. కందుకూరు మామయ్యకు మాత్రం అనుమానం వచ్చింది. చిన్నాయన ఎప్పుడూ వాయిస్ మెసేజే పెడతారు, ఇంగ్లీషులో టైపు చేయడం ఏంది అని ఆయన చెల్లెలికి ఫోన్ చేశాకే సంగతి బయటపడింది.

జరిగింది ఇంతే. దొంగ సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేశాడు. ఆ నంబరుతో వాట్సాప్ తెరిచాడు. ఓటీపీ ఆ సిమ్‌కే వచ్చింది. ఓటీపీల కోసమని చిన్నాయన నెల్లూరులోనే రోమింగ్ వేయించుకుని వెళ్లారు కదా, అది దొంగకు పనికొచ్చింది. పాత చాటింగ్‌లు అతనికి కనిపించవు కానీ, ఆ నంబరు ఉన్న గ్రూపులన్నీ వచ్చేస్తాయి.

నేను నెల్లూరులో ఇరవై రెండేళ్లుగా బ్యాంకు కౌంటర్‌లో పనిచేస్తున్నాను. ఫోన్ పోగొట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లను ముంచింది ఎక్కువసార్లు ఈ ఒక్క తప్పే. ఓటీపీ కోసమని సిమ్‌ను బతికించి ఉంచడం. ఫోన్ దొంగ చేతిలో ఉన్నప్పుడు సిమ్ బతికి ఉంటే ఓటీపీ వచ్చేది మీకు కాదు, దొంగకు.

జేబుదొంగలుంటారు, వెనక జేబులో పెట్టుకోవద్దు లాంటివి ఇక్కడ రాయను. అవి అందరికీ తెలుసు. తెలిసినా ఫోన్లు పోతున్నాయి. 2025 అక్టోబరులో లండన్ పోలీసులు బయటపెట్టిన ఒక ముఠా, ఏడాదిలోనే దాదాపు 40 వేల దాకా దొంగ ఫోన్లను చైనాకు చేరవేసి ఉంటుందని వాళ్ల అంచనా. అంత పెద్ద వ్యాపారం నడుస్తున్న చోట మన జాగ్రత్త ఒక్కటే సరిపోదు. పోతుందనే అనుకుని ఏర్పాట్లు చేసుకోవాలి.

బయల్దేరే ముందు వారం

ఇవన్నీ ఇంట్లో కూర్చుని తీరిగ్గా చేయాలి. చెన్నై ఎయిర్‌పోర్టుకు పోతూ సూళ్లూరుపేట దాటాక కారులో చేసే పనులు కావు.

మొదట, సిమ్ ఎవరి పేరు మీద ఉందో చూడండి. మన ఇళ్లల్లో పెద్దవాళ్ల సిమ్ చాలాసార్లు కొడుకు పేరు మీదో, అల్లుడి పేరు మీదో, పదిహేనేళ్ల కింద ఎవరో తీసిచ్చిన పేరు మీదో ఉంటుంది. పోయినప్పుడు బ్లాక్ చేయించాలన్నా, డూప్లికేట్ తీసుకోవాలన్నా కంపెనీ వాళ్లు ఆ మనిషినే అడుగుతారు. మీ పేరు మీద ఏయే నంబర్లు ఉన్నాయో కేంద్ర టెలికాం శాఖ వెబ్‌సైట్ సంచార్ సాథీలో చూసుకోవచ్చు. మీ సిమ్ మీ పేరు మీద లేకపోతే ప్రయాణానికి ముందే మార్పించుకోండి.

రెండోది, సిమ్‌కు పిన్ పెట్టండి. ఫోన్ తెరిచే పిన్ వేరు, ఇది వేరు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ కింద సిమ్ లాక్ అని ఉంటుంది. ఇది పెట్టుకుంటే సిమ్‌ను వేరే ఫోన్‌లో వేసిన వెంటనే పిన్ అడుగుతుంది. చిన్నాయన సిమ్‌కు ఇది ఉండి ఉంటే ఆ రాత్రి ఏమీ జరిగేది కాదు. కంపెనీ ముందుగా పెట్టిన పిన్ ఏమిటో కస్టమర్ కేర్‌లో అడిగి తెలుసుకున్నాకే మార్చండి, ఊహించి కొట్టొద్దు. మూడుసార్లు తప్పయితే సిమ్ ఆగిపోయి పీయూకే కోడ్ (సిమ్ తిరిగి తెరవడానికి కంపెనీ ఇచ్చే కోడ్) అడుగుతుంది.

మూడోది అన్నింటికంటే ముఖ్యం. జీమెయిల్‌కు, బ్యాంకుకు, వాట్సాప్‌కు, ఆధార్‌కు అన్నింటికీ ఆ ఒక్క నంబరే ఉంటుంది. జీమెయిల్ పోతే తిరిగి తెచ్చుకునే దారి కూడా ఆ నంబరే. ఆ నంబరు ఉన్న సిమ్ ఆ ఫోన్‌లోనే. బీరువా తాళాలు బీరువాలోనే పెట్టి తలుపు వేసినట్టు. అందుకే బ్లాక్ చేయమంటే చిన్నాయన లాంటివాళ్లు భయపడతారు, ఆ భయంలో అర్థముంది. ఆ భయం లేకుండా చేసుకోవడానికే ఈ ఏర్పాటు:

గూగుల్ అకౌంట్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ తర్వాత ఇంకో కోడ్ కూడా అడగడం) పెట్టుకుని, అందులో బ్యాకప్ కోడ్‌లు తీసుకోండి. పది కోడ్‌లు ఇస్తుంది, ఒక్కొక్కటి ఎనిమిది అంకెలు, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. వాటిని రెండు కాగితాల మీద రాసి ఒకటి సూట్‌కేసులో, ఒకటి ఊళ్లో నమ్మకమైనవాళ్ల దగ్గర ఉంచండి. ఫోటో తీసి అదే ఫోన్‌లో దాచుకుంటే ఆ కోడ్‌లు ఎందుకూ పనికిరావు. రికవరీ నంబరుగా ఇంట్లో ఇంకొకరి నంబరు చేర్చండి. ఐఫోన్ ఉన్నవాళ్లు యాపిల్ అకౌంట్‌లో నమ్మకమైన నంబరుగా భార్యదో, భర్తదో, పిల్లలదో కూడా చేర్చండి. వాట్సాప్‌లో ఆరంకెల టూ స్టెప్ పిన్ పెట్టండి. ఇవి చేసుకున్నవాళ్లకు సిమ్ ఆపించడానికి చెయ్యి వణకదు.

వీలుంటే ఇంకో మంచి మార్గం ఉంది. అక్కడ వీధిలో తిరిగేటప్పుడు మన సిమ్‌ను వెంట పెట్టుకోకండి. పాత ఫోర్‌జీ ఫోన్ ఒకటి తీసుకెళ్లి, మన సిమ్ అందులో వేసి, దాన్ని కూతురి ఇంట్లోనో, హోటల్ గదిలోనో పెట్టండి. చేతిలో తిరిగే ఫోన్‌లో అక్కడి సిమ్ వేసుకోండి. మన సిమ్ లేని ఫోన్‌లో యూపీఐ పనిచేయకపోవచ్చు, కానీ అక్కడి కూరగాయల షాపులో మీకు దానితో పని కూడా పడదు.

పోయిన మొదటి గంట

రెండు నిమిషాల్లో లాక్, ఆ వెంటనే సిమ్. ఈ వరస మార్చొద్దు. మ్యాప్ చూస్తుండగా లాక్కున్న ఫోన్ తెరిచే ఉంటుంది కాబట్టి లాక్ ముందు. ఆండ్రాయిడ్ అయితే పక్కవాళ్ల ఫోన్‌లో ఆండ్రాయిడ్ డాట్ కామ్ స్లాష్ లాక్ తెరిచి మీ నంబరు కొడితే లాక్ అవుతుంది. దీన్ని ముందే సెట్టింగ్స్‌లోని థెఫ్ట్ ప్రొటెక్షన్‌లో ఆన్ చేసి ఉండాలి. ఐఫోన్ అయితే ఐక్లౌడ్ డాట్ కామ్ స్లాష్ ఫైండ్. అక్కడ యాపిల్ పాస్‌వర్డ్ ఉంటే చాలు, కోడ్ అడగదు. అంటే ఆ పాస్‌వర్డ్ మీకు నోటికి వచ్చి ఉండాలి.

తర్వాత సిమ్. మనం ఇక్కడ కొట్టే మూడంకెల కస్టమర్ కేర్ నంబర్లు అక్కడి నుంచి కలవవు. విదేశం నుంచి కలిసే ప్లస్ 91 నంబరు ముందే కాగితం మీద రాసుకుని పాస్‌పోర్టు కవరులో పెట్టుకోండి. బ్యాంకుదీ అంతే. 1800తో మొదలయ్యే టోల్‌ఫ్రీ నంబర్లను నమ్ముకోవద్దు, కార్డు వెనక విదేశాల నుంచి చేసే నంబరు ఉంటే అది రాసుకోండి.

బ్యాంకుకు ఎంత త్వరగా చెబితే అంత మంచిదని మేం ఊరికే చెప్పం. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, మీ నిర్లక్ష్యం వల్ల డబ్బు పోయినా సరే, మీరు బ్యాంకుకు తెలియజేసిన తర్వాత జరిగిన నష్టం బ్యాంకుదే. తెలియజేసేదాకా పోయింది మీది. కాబట్టి చెప్పి, కంప్లైంట్ నంబరు తీసుకుని, టైం రాసి పెట్టుకోండి. మొబైల్ బ్యాంకింగ్, యూపీఐ, కార్డులు మూడూ ఆపమని విడిగా చెప్పండి. కార్డు ఒక్కటే ఆపించి మిగతావి మరిచిపోయినవాళ్లు నా కౌంటర్ ముందే ఏడ్చారు.

ఇక మిగిలినవి, గుర్తొచ్చిన వరసలో:

రింగ్ ఇస్తూ కూర్చోకండి. దొంగ ఎత్తడు. సిమ్ ఆపించండి.

డెబిట్ కార్డు ఫోటో గ్యాలరీలో ఉంటే ఇప్పుడే తీసేయండి. కార్డు చివరి ఆరు అంకెలు, గడువు తేదీ, సిమ్‌కు వచ్చే ఓటీపీ ఉంటే యూపీఐ పిన్ కొత్తది పెట్టుకోవచ్చు. కొన్ని బ్యాంకులు ఏటీఎం పిన్ కూడా అడుగుతాయి. ఆ పిన్‌ను మనవాళ్లు కాంటాక్టుల్లో "ఏటీఎం" అని పేరు పెట్టి సేవ్ చేసుకుంటారు. చేయకండి.

ఫోన్ తెరిచే పిన్, యూపీఐ పిన్ ఒకటే పెట్టకండి.

లాక్ స్క్రీన్ మీద మెసేజ్‌లు కనిపించకుండా చేయండి. తెరవకుండానే ఓటీపీ చదివేస్తారు.

జనంలో పిన్ కొట్టకండి, వేలిముద్ర వాడండి.

స్టార్, హ్యాష్, 06, హ్యాష్ కొట్టి ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోన్‌కూ ఉండే గుర్తింపు నంబరు) రాసి ఇంట్లో పెట్టండి. అక్కడి పోలీసులకు ఇవ్వండి, రిపోర్టు కాపీ తీసుకోండి. ఇన్సూరెన్స్‌కు అది లేకపోతే పని జరగదు. సంచార్ సాథీలో బ్లాక్ చేస్తే ఆ ఫోన్ మన దేశంలోని నెట్‌వర్క్‌ల మీదే ఆగుతుంది.

లొకేషన్ కనిపించిందని మీరే వెతుక్కుంటూ పోకండి. పోలీసులకు చెప్పండి.

ఐఫోన్‌ను మీ అకౌంట్ నుంచి తీసేయకండి. ఎవరు అడిగినా. అది మీ అకౌంట్‌లో ఉన్నంతకాలం దొంగ దాన్ని కొత్త ఫోన్‌గా వాడలేడు. అందుకే కొన్ని రోజులకు "మీ ఫోన్ దొరికింది, ఈ లింకు నొక్కండి" అని మెసేజ్ పంపుతారు. నొక్కితే మీ పాస్‌వర్డ్ కూడా పోతుంది. నొక్కకండి.

ఊళ్లో డూప్లికేట్ సిమ్ తీసుకున్నా మొదటి 24 గంటలు మెసేజ్‌లు రావు. మోసాలు ఆపడానికి పెట్టిన నిబంధన అది. ఆ ఒక్క రోజుకు సరిపడా డబ్బు చిన్నమ్మ దగ్గరో, పర్సులోనో వేరుగా ఉంచండి. ఆ 24 గంటల భయంతో సిమ్ ఆపించడం వాయిదా వేయకండి. సిమ్ ఆపించండి.

గల్ఫ్‌కు పనికి వెళ్లే అన్నదమ్ములకు, యూకేకు చదువుకు వెళ్లే పిల్లలకు కూడా ఇదే. వయసుతో పని లేదు. మా చిన్నాయన ఇంజనీరుగా పనిచేసి రిటైరైన మనిషి.

ఇక్కడ ఉన్నవాళ్లకు. మనవాళ్ల ఫోన్ పోయిందని తెలియగానే ఆ నంబరును గ్రూపుల్లోంచి తీసేయండి, అందరికీ చెప్పండి. డబ్బు అడుగుతూ మెసేజ్ వస్తే గొంతు వినకుండా రూపాయి పంపకండి. ఆ నంబరుకు కాదు, వాళ్లతో ఉన్న ఇంకొకరి నంబరుకు చేయండి. పంపేసి ఉంటే ఆ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మేనత్త సిగ్గుపడి రెండో రోజు దాకా ఎవరికీ చెప్పలేదు. అప్పటికి ఆ అకౌంట్‌లో ఏమీ మిగల్లేదు.