ఫ్రాన్స్ పల్లెల్లో లారీలు లేని సైకిల్ దారి

ఫ్రాన్స్ పల్లెల్లో సైకిల్ తొక్కేటప్పుడు ఫోన్ మ్యాప్ ఒక్కోసారి దగ్గరి దారని చెప్పి లారీలు తిరిగే రోడ్డెక్కిస్తుంది. భుజం పక్క నుంచి లారీ దూసుకెళ్తుంటే ఒకటే టెన్షన్.

మిష్లాన్ (Michelin) కంపెనీ కాగితం మ్యాప్ ఒకటి కొనుక్కోండి, 1:2,00,000 స్కేలుది. అందులో ఎర్ర రంగులో ఉన్న పెద్ద రోడ్లు వదిలేసి, తెల్ల రంగులో ఉన్న చిన్న రోడ్లను కలుపుకుంటూ 8-10 కిలోమీటర్లకో ఊరు ఎంచుకోండి. తెల్లది దొరకనిచోట పసుపు. రోడ్డు పక్కన ఆకుపచ్చ గీత ఉంటే చూడచక్కని దారి అన్నమాట. ఊళ్ల పేర్లు వరుసగా చీటీ మీద రాసి హ్యాండిల్‌కు అతికించుకుంటే, కూడళ్లలో బోర్డులు చూసుకుంటూ పోవచ్చు. మంచినీళ్లకు ఊరి శ్మశానం గేటు లోపల సాధారణంగా కుళాయి ఉంటుంది, సీసా నింపుకోవచ్చు. 'నాన్ పోటాబ్ల్' (non potable, తాగే నీళ్లు కావు) అని రాసి ఉంటే మాత్రం తాగకండి.

రోడ్డు నంబరులో 'డి' (D, అంటే జిల్లా రోడ్డు) తర్వాత మూడంకెలుంటే చాలావరకు చిన్న రోడ్డే, కానీ అంకెను మాత్రమే నమ్మకండి. కావోర్ అనే ఊరి మీదుగా పోయే డి 820 ఒకప్పటి జాతీయ రహదారి ఎన్ 20. మ్యాప్‌లో రంగు చూశాకే ఎక్కండి.