అమెరికా క్లాక్ రేడియో టైం వెనకబడుతుంటే
అక్కడి నుంచి తెచ్చుకున్న పాత క్లాక్ రేడియో, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా గంటకి 10 నిమిషాలు వెనకబడుతోందా, అది చెడిపోలేదండీ, దయచేసి పారేయకండి. ఆ గడియారం కరెంటు ఫ్రీక్వెన్సీని, అంటే కరెంటు సెకనుకి ఎన్నిసార్లు అటూ ఇటూ మారుతుందో దాన్ని, లెక్కపెట్టుకుంటూ నడుస్తుంది, అక్కడ 60 హెర్ట్జ్, మన దగ్గర 50, ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజ్ తగ్గిస్తుంది గానీ దీన్ని మార్చదు. మా నాన్నగారిది ఇలాగే ఉంటే ప్లగ్ పీకేసి కాసేపాగి స్క్రూలు విప్పి చూశా, బోర్డు మీద 50/60 అని రాసి పక్కనే చిన్న జంపర్ వైరు (రెండు పాయింట్లని కలిపే తీగముక్క), దాన్ని 50 వైపు మార్చి సోల్డర్ చేస్తే టైం కరెక్ట్‌గా నడుస్తోంది. కొన్నిటికి అడుగున స్విచ్చే ఉంటుంది, ముందు అది చూస్కోండి. పనిలో పని బ్యాకప్‌కి పెట్టే 9 వోల్ట్ బ్యాటరీ కూడా తీసి చూడండి, మాది కారిపోయి క్లిప్పుకి పచ్చగా చిలుం పట్టేసింది, వెనిగర్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో రుద్దితే పోయింది.