ఎర్రమట్టి దారుల్లో మకాం – 4వ పాఠం: మిల్డూరా నుంచి ముంగో దాకా

గత పాఠంలో సామాను సర్దడం పూర్తయింది. ఈ పాఠంలో బండి కదిలించి, ఒక రాత్రి మకాం వేద్దాం. చోటు ముంగో నేషనల్ పార్క్, ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రానికి నైరుతి మూలన. మెల్‌బోర్న్ నుంచి మిల్డూరా ఊరు సుమారు 540 కి.మీ., అక్కణ్నుంచి పార్కు మరో 110. మెల్‌బోర్న్‌లో ఉంటూ పిల్లల సెలవుల్లో తొలిసారి అవుట్‌బ్యాక్ (జనం పలచగా ఉండే ఎండు లోతట్టు ప్రాంతం) చూడాలనుకునే తెలుగు కుటుంబానికి ఇంతకన్నా మంచి మొదలు మాకు తోచదు.

పార్కులో పెట్రోలు దొరకదు, కిరాణా దొరకదు, తాగునీళ్లు మనమే మోసుకెళ్లాలి. అందువల్ల మకాం సాఫీగా సాగుతుందా లేదా అన్నది చాలావరకు మిల్డూరాలోనే తేలిపోతుంది.

వాన

దారిలో కొంత తారు, మిగతాది మట్టి. పొడిగా ఉన్నప్పుడు మామూలు కారు కూడా వెళ్తుంది. కానీ అది బంకమన్ను. కొద్దిపాటి వానకే పైపొర సబ్బులా జారుతుంది, టైరు గాడులు మన్నుతో పూడుకుపోతాయి, ఫోర్ వీల్ డ్రైవ్ బండికి కూడా పట్టు దొరకదు. అప్పుడు దారి మూసేస్తారు. మూసిన దారిలో నడిపితే జరిమానా పడుతుంది, మీ చక్రాలు కోసిన గాళ్లు ఎండాక గట్టిపడి తర్వాత వచ్చేవాళ్లను ఇబ్బంది పెడతాయి. వెంట్‌వర్త్, బల్రానాల్డ్ షైర్ కౌన్సిళ్ల (స్థానిక పాలక సంస్థల) రోడ్డు సమాచారం బయల్దేరే రోజు పొద్దున్నే చూడండి. నిన్నటి సమాచారంతో బండి తీయొద్దు.

లోపల ఉండగా వాన పడితే దారి ఆరేదాకా కదలకూడదు. కాబట్టి ఒక్క రాత్రి మకామైనా నీళ్లు, తిండి రెండు రోజులకు అదనంగా ఉండాలి.

నీళ్ల లెక్క

తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 5 లీటర్లు. నలుగురు, ప్రయాణం రెండు రోజులు, అదనం రెండు రోజులు: మొత్తం 80 లీటర్లు. చేతులు, గిన్నెలు కడగడానికి మరో 20 చేర్చండి. వంద లీటర్లంటే వంద కిలోల బరువు. దాన్ని కారు పైకప్పు మీద ఎప్పుడూ పెట్టొద్దు, మలుపులో బండి ఒరుగుతుంది. వెనక సీటుకు ఆనించి, కింద, పట్టీలతో బిగించండి. ఒకే పెద్ద డ్రమ్ము కన్నా 20 లీటర్ల డబ్బాలు ఐదు మేలు: గతుకుల అదురుకు ఒకటి పగిలినా నాలుగు మిగులుతాయి.

బియ్యం కడిగే నీళ్లు చాలామంది లెక్కలో వేసుకోరు. ఇంట్లోనే కడిగి, నీడన పూర్తిగా ఆరబెట్టి, డబ్బాలో పోసుకెళ్లండి. మొదటి రాత్రికి పులిహోర ఉంటే పొయ్యి వెలిగించే పనే ఉండదు.

టైర్లు

తారు మీద 36 పీఎస్‌ఐ (టైరు గాలి ఒత్తిడి కొలత)తో నడిచే బండికి మట్టి మీద 28 చాలు. గాలి తగ్గితే టైరు సాగి, మొనదేలిన రాయి మీదుగా వంగి వెళ్తుంది. బిగుతుగా ఉంటే కోసుకుపోతుంది. ఇక్కడ కొత్తవాళ్లు తడబడే చోటొకటి ఉంది. 28 అన్నది చల్లటి టైరు లెక్క. తారు దిగే చోటికి వచ్చేసరికి టైరు వేడెక్కి గేజ్‌లో 40 చూపిస్తుంది. అప్పుడు 32 దగ్గర ఆపండి, చల్లారాక 28కి వస్తుంది. వేడి మీదే 28కి దించితే, చల్లారాక మరీ తగ్గిపోయి పక్కగోడలు నలుగుతాయి.

గాలి తగ్గించాక వేగం గంటకు 80 కి.మీ. దాటకూడదు. తక్కువ గాలి, ఎక్కువ వేగం కలిస్తే టైరు లోపల వేడి పెరిగి చీలిపోతుంది. తిరిగి తారెక్కగానే గాలి నింపాలి గనక కంప్రెసర్ వెంట ఉండాలి. పెద్ద కంప్రెసర్‌ను సిగరెట్ సాకెట్‌కు తగిలిస్తే ఫ్యూజ్ పోతుంది. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, క్లిప్పులు నేరుగా బ్యాటరీకి పెట్టండి. స్టెప్నీ పూర్తి సైజుదేనా అన్నది ఇంటి దగ్గరే చూసుకోండి.

దుమ్ము లోపలికి రాకుండా అద్దాలు మూసి, ఫ్యాన్‌ను బయటి గాలి తీసుకునే స్థానంలో పెట్టండి. లోపల గాలి ఒత్తిడి కాస్త ఎక్కువగా ఉంటే సందుల్లోంచి దుమ్ము దూరదు.

పెట్రోలు: రానూ పోనూ 220 కి.మీ., పార్కు లోపల చుట్టుదారి 70. మట్టిమీద ఎక్కువ తాగుతుంది. మిల్డూరాలో ట్యాంకు నిండా పట్టించండి.

గుడారం

ఇక్కడ చలికాలమైన జూన్‌లో అయిదున్నరకే పొద్దుగూకుతుంది. సాయంత్రం వెలుగు తగ్గగానే కంగారూలు, ఈమూలు రోడ్డెక్కుతాయి. ఒంటిగంటకల్లా మిల్డూరా వదిలితే మూడింటికి చేరతారు, చోటు ఎంచుకోవడానికి వెలుగు మిగులుతుంది. పార్కులో మకాం స్థలాలు రెండు: విజిటర్ సెంటర్‌కు దగ్గర్లో మెయిన్ క్యాంప్, చుట్టుదారిలో బెలా క్యాంప్. స్థలం ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. మొదటిసారి మెయిన్ క్యాంపే ఎంచుకోండి.

నున్నగా, చదునుగా, పైన సన్నటి పగుళ్లున్న నేల చూడగానే నచ్చుతుంది. అదే వద్దు. వాన నీళ్లు నిలిచి ఎండిన చోటది. కాస్త ఎత్తుగా ఉన్న జాగా చూసుకోండి, ఎండు కొమ్మల కింద మాత్రం కాదు. గుడ్డ పరిచే ముందు చీపురుతో ఊడవండి. మన పొలాల గట్ల మీద కనిపించే పల్లేరు ఆస్ట్రేలియా లోతట్టు ప్రాంతాల్లోనూ పెరుగుతుంది. గాలి పరుపుకు ఒక్క పల్లేరుకాయ చాలు. టెంటుతో వచ్చే సన్నటి మేకులు ఈ నేలలో వంగిపోతాయి. 30 సెం.మీ. ఉక్కు మేకులు, సుత్తి తెచ్చుకోండి. తల టెంటుకు అవతలి వైపు వాలేలా ఏటవాలుగా కొట్టండి. గాలి వచ్చే వైపు ముందు బిగించాలి.

టెంటు చుట్టూ కాలవ తవ్వడం ఇక్కడ నిషిద్ధమని గుర్తుంచుకోండి. పార్కులోని ఎండిన ముంగో చెరువు గట్టు మీదే 1968లో ముంగో లేడీ అని పిలిచే ప్రాచీన స్త్రీ అవశేషాలు బయటపడ్డాయి, 1974లో ముంగో మ్యాన్ అనే పురుషుడివి. వాటి వయసు దాదాపు 42,000 ఏళ్లు. 1981 నుంచి విల్లాండ్రా చెరువుల ప్రాంతం ప్రపంచ వారసత్వ స్థలం. పాకంజీ, ముత్తి ముత్తి, న్గియాంపా ఆదివాసీ ప్రజల పూర్వీకుల పొయ్యిలు, పనిముట్లు ఇంకా ఆ మట్టిలోనే ఉన్నాయి. రాయి, ఎముక ఏది కనిపించినా ముట్టుకోవద్దు. వాల్స్ ఆఫ్ చైనా ఇసుక గట్టు మీదికి గైడ్‌తో మాత్రమే ఎక్కాలి, లేదంటే చెక్కదారి నుంచి చూడాలి.

కట్టెలు ఏరకూడదు. గ్యాస్ పొయ్యి తెచ్చుకోండి. టోటల్ ఫైర్ బ్యాన్ (బయట నిప్పు పెట్టడంపై నిషేధం) ప్రకటించిన రోజు పొయ్యికి కూడా ఆంక్షలుంటాయి, కాబట్టి వండక్కర్లేని తిండి ఒక రోజుకు సరిపడా ఉంచండి.

చలికాలం రాత్రి ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి పడుతుంది. చలి ఎక్కువగా నేల నుంచే వస్తుంది. ఉన్న రెండు దుప్పట్లలో ఒకటి ఒంటి కిందే పరవండి.

ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోవద్దు. అద్దెకైనా సరే, ఒక పర్సనల్ లొకేటర్ బీకన్ (ఆపదలో ఉపగ్రహం ద్వారా మనమున్న చోటు తెలిపే పరికరం) వెంట ఉండాలి. యూహెచ్‌ఎఫ్ రేడియో ఉంటే 40వ ఛానెల్ రోడ్డు మీది బండ్ల మాటలకు, 5, 35 అత్యవసరానికి. బండి ఆగిపోతే దాన్ని వదిలి నడవొద్దు. వెతికేవాళ్లకు మనిషి కన్నా బండి ముందు కనిపిస్తుంది.

ఈ వారం సాధన

పొద్దున బండి తీయకముందు నాలుగు టైర్ల గాలి రాసుకోండి. తారు రోడ్డు మీద గంట నడిపి మళ్లీ కొలవండి. 4 పీఎస్‌ఐ దరిదాపుల్లో పెరిగితే సరిపోయినట్టు. 6 దాటితే గాలి తక్కువైనా ఉంది, బరువో వేగమో ఎక్కువైనా ఉంది. ఇదే పని వంద లీటర్ల నీళ్లు ఎక్కించి మరోసారి చేసి, రెండు లెక్కలూ డాష్‌బోర్డు అరలో ఉంచండి. అయిదో పాఠంలో బంకమన్నులో కూరుకుపోయిన బండిని తీయడానికి ఆ అంకెలు కావాలి.