కందుకూరులో వెతికితే పక్క వీధి బడి కనపడని సమస్య: ఇలా సరిచేశాను

బడి ఎంచుకునే యాప్‌లో కందుకూరు నుంచి వెతికితే సగం బడులే వచ్చేవి, కొన్ని రెండేసి సార్లు. పిన్‌కోడ్, మండలం డ్రాప్‌డౌన్, పేర్లు పోల్చడం: ఏదీ పనిచేయలేదు.

అసలు కారణం జిల్లా ఫిల్టర్. 2022 ఏప్రిల్‌లో కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరులో కలిసింది. యాప్ వాడే బడుల జాబితాల్లో ఒకదాంట్లో పాత జిల్లా, మరోదాంట్లో కొత్తది ఉండేది.

ముందు వెతుకులాటలోంచి జిల్లాని పూర్తిగా తీసేశాను. తర్వాత ప్రతి బడికీ ప్రభుత్వం ఇచ్చే 11 అంకెల గుర్తింపు సంఖ్య, యూడైస్ కోడ్‌ని టెక్స్ట్‌గా పెట్టి, ఒకే కోడ్ ఉన్న వరుసలు కలిపేశాను. పేరుతో మాత్రం కలపొద్దు, జడ్పీ హైస్కూల్ అనే పేరు ఊరూరా ఉంటుంది. కోడ్‌లో 3, 4 అంకెలు జిల్లావే అయినా వాటిని చూసి ఇప్పటి జిల్లా తేల్చకండి.

ఆపైన దూరం. 5 కి.మీ. కోసం వెతికే చోటు నుంచి లాటిట్యూడ్‌కి 0.045, లాంగిట్యూడ్‌కి 0.047 డిగ్రీలు అటూ ఇటూ తీసుకుని వడపోసి, మిగిలినవాటికే రోడ్డు దూరం లెక్కించాలి. ఇది వదలొద్దు. నెల్లూరు, కోవూరు మధ్య పెన్న ఉంది. గీత గీస్తే దగ్గరే, పిల్లాడు వెళ్లాల్సింది మాత్రం వంతెన మీదుగా. తల్లిదండ్రులకి కావలసింది ఆ రెండో లెక్కే.

మ్యాప్‌లో బడి గుర్తు తప్పుచోట ఉంటే ఇదేదీ పనిచేయదు. పల్లెల్లో కొన్ని గుర్తులు చెరువులో పడ్డాయి, అవి చేత్తోనే దిద్దాలి. చిన్న పట్టణాలకి ఈ పద్ధతి సరిపోయింది. హైదరాబాద్ లాంటి చోట 5 కి.మీ. బాగా తగ్గించాల్సి రావచ్చు.