అపార్ట్‌మెంట్ ఎస్టీపీ బురద: పీసీబీ అనుమతి దరఖాస్తు నింపే పద్ధతి

నిర్మాణ వైశాల్యం 20,000 చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీకి 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ అనుమతి కావాలి. కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) నుంచి కట్టడానికి ముందు సీఎఫ్‌ఈ (స్థాపన సమ్మతి), మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు (ఎస్టీపీ) నడపడానికి సీఎఫ్‌ఓ (నిర్వహణ సమ్మతి) కూడా తీసుకోవాలి. సీఎఫ్‌ఓ దరఖాస్తు ఆన్‌లైన్‌లో నింపేటప్పుడు నీటి గురించి అడిగిన ప్రతి గడీనీ జాగ్రత్తగా నింపుతారు. బురద దగ్గరకొచ్చేసరికి "తోటలో ఎరువుగా వాడతాం" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. ఆ ఒక్క ముక్క మీదే ప్రశ్నలు వస్తాయి. రోజుకు ఎంత బురద వస్తుంది, అందులో ఏముంది, చివరికి ఎక్కడికి చేరుతుంది? ఈ మూడింటికీ కాగితం చూపించగలిగితేనే దరఖాస్తు నిలుస్తుంది.

ముందు లెక్క. ఉదాహరణకు 200 కేఎల్‌డీ (రోజుకు 200 కిలోలీటర్ల) ప్లాంటు తీసుకుందాం. వచ్చే మురుగునీటిలో బీఓడీ (సూక్ష్మజీవులు తినే సేంద్రియ మలినానికి కొలత) లీటరుకు 250 మి.గ్రా. అనుకుంటే రోజుకు 50 కిలోల బీఓడీ. బయటికి 10 మి.గ్రా.తో వెళ్తే 48 కిలోలు తొలగినట్టు. కిలో బీఓడీకి 0.4 నుంచి 0.6 కిలోల ఘనపదార్థం చొప్పున రోజుకు 19–29 కిలోల పొడి బురద వస్తుంది. బురదలో నీరు పిండే ఫిల్టర్ ప్రెస్ నుంచి 20 శాతం ఘనపదార్థంతో వచ్చే కేక్ (గట్టి ముద్ద) అయితే అది 95–145 కిలోలు. ప్రెస్ చేయకుండా ఒక శాతం చిక్కదనంతో ట్యాంకర్‌కి ఎక్కిస్తే రోజుకు 1,900–2,900 లీటర్లు. ఈ మూడు అంకెలూ ఒకే బురదవే. దరఖాస్తులో ఒకచోట పొడి బరువు, మరోచోట కేక్ బరువు, ట్యాంకర్ బిల్లులో లీటర్లు ఉంటే ఏవీ సరిపోలవు. పక్కన "పొడి బరువు", "20 శాతం కేక్" అని తప్పకుండా రాయండి. ఇళ్లు సగమే నిండి ఉంటే ఫ్లోమీటర్ చూపించే ప్రవాహం మీద ఒక లెక్క, పూర్తి సామర్థ్యం మీద ఇంకో లెక్క ఇవ్వండి.

"మా ప్లాంటులో బురద రాదు" అని మాత్రం రాయకండి. బీఓడీ తిన్న సూక్ష్మజీవులే బురద. దాన్ని తీయకపోతే ట్యాంకులో పేరుకుని శుద్ధి చేసిన నీటితో పాటు కొట్టుకుపోతుంది, లేదంటే రాత్రిపూట ఎవరో వాల్వ్ తిప్పి వరద కాలువలోకి వదులుతారు. ఆ కాలువ చేరేది మన చెరువుకే. తనిఖీకి వచ్చిన ఇంజనీరు పాలిమర్ (బురదని గడ్డకట్టించే మందు) కొన్న బిల్లులు, ప్రెస్ నడిచిన గంటలు, ఎంఎల్‌ఎస్‌ఎస్ (ట్యాంకు నీటిలో తేలే ఘనపదార్థం) రీడింగులు పక్కపక్కన పెట్టి చూస్తే సున్నా బురద మాట నిలవదు.

రెండోది పరీక్ష. ఎక్కువ సమయం పోయేదీ ఇక్కడే. ఎరువుగా వాడదలిస్తే 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో సిటీ కంపోస్టుకు పెట్టిన హద్దులే కొలమానంగా పెట్టుకోండి. కిలోకు మి.గ్రా.లలో ఆర్సెనిక్ 10, కాడ్మియం 5, క్రోమియం 50, రాగి 300, పాదరసం 0.15, నికెల్ 50, సీసం 100, జింక్ 1,000. వీటితో పాటు కార్బన్–నైట్రోజన్ నిష్పత్తి 20 లోపు, పీహెచ్ 6.5–7.5, విద్యుత్ వాహకత 4 డీఎస్/మీ. మించకూడదు. ల్యాబ్‌కి ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లని పరిశీలించే జాతీయ బోర్డు) గుర్తింపు ఉండాలి, అదీ ఈ పరీక్షలకే ఉందో లేదో చూసుకోండి. ప్రెస్ దగ్గర ఐదారు చోట్ల నుంచి, కనీసం మూడు వేర్వేరు రోజుల్లో కేక్ తీసి కలిపి కిలో నమూనా చేయండి. సూక్ష్మజీవుల పరీక్షకి మాత్రం విడిగా, అదే రోజు తీసిన కేక్‌ని శుభ్రమైన సీసాలో, ఐస్ పెట్టెలో 24 గంటల్లోపు పంపాలి.

ల్యాబ్‌కిచ్చే ఉత్తరంలో "మొత్తం లోహాలు, పొడి బరువు మీద కిలోకు మి.గ్రా." అని స్పష్టంగా రాయండి. రాయకపోతే అలవాటు కొద్దీ టీసీఎల్‌పీ (ఆమ్ల ద్రావణంలోకి ఎంత లోహం కరిగి వస్తుందో చూసే పరీక్ష) చేసి లీటరుకు మి.గ్రా.ల్లో రిపోర్టు ఇచ్చేస్తారు. అది ప్రమాదకర వ్యర్థమా కాదా తేల్చడానికి పనికొస్తుంది, ఎరువు హద్దులతో పోల్చడానికి పనికిరాదు. జింక్ ఎక్కువొస్తే ముందు పాత జీఐ (జింక్ పూత వేసిన ఇనుప) పైపుల్ని అనుమానించండి. వాహకత పెరిగితే బోరు నీటి సాఫ్ట్‌నర్‌ని కడిగిన ఉప్పునీళ్లు ఎస్టీపీలోకి వస్తున్నాయేమో చూడండి. ఆ లైను విడదీయడమే మందు.

పక్క దుకాణ సముదాయంలోని గ్యారేజీ, ల్యాబ్, డ్రై క్లీనింగ్ నీళ్లు కలుస్తుంటే కథ మారుతుంది. రసాయన శుద్ధిలో వచ్చే బురద 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల షెడ్యూల్ 1లో 35.3 కింద ఉంది. దాన్ని ఎస్టీపీ బురదతో కలిపితే మొత్తం కుప్పకి ఆ ముద్ర పడుతుంది. వేర్వేరుగా ఉంచి వేర్వేరుగానే ప్రకటించండి. జనరేటర్ల వాడిన నూనె కూడా ఆ నిబంధనల కిందికే వస్తుంది.

ఎండబెడితే చాలనుకోవద్దు. ఎండలో నీరు పోతుంది గానీ నులిపురుగుల గుడ్లు నెలల తరబడి బతుకుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 మార్గదర్శకాల్లో గ్రాము పొడి బురదకు ఒకటి కంటే తక్కువ గుడ్డు, వెయ్యి లోపు ఈ. కోలై అని ఉంది. పిల్లలు ఆడుకునే లాన్‌లో వేసేదానికి ఇంతకంటే తక్కువ జాగ్రత్త సరిపోదు. ఒక వంతు కేక్‌కి రెండు మూడు వంతుల ఎండుటాకులు, చెక్క తురుము కలిపి, తేమ 50–60 శాతం ఉంచి వరసగా కుప్ప పోయాలి. లోపల 55 డిగ్రీలు 15 రోజులు నిలవాలి, ఆ కాలంలో కనీసం ఐదుసార్లు తిరగేయాలి. రోజూ థర్మామీటర్ గుచ్చి చూసిన రీడింగు లాగ్‌బుక్‌లో ఉంటే అదే మీ సాక్ష్యం.

ఇక చేరే చోటు. 200 కేఎల్‌డీ ప్లాంటు ఏడాదికి 7–10 టన్నుల పొడి బురద ఇస్తుంది. అందులో నైట్రోజన్ 3–5 శాతం, అంటే 200 నుంచి 500 కిలోలు. మొదటి ఏడాది అందులో కొంతే మొక్కకి అందినా, అర ఎకరం తోటలో ఇదంతా పట్టదు. మిగిలినది మున్సిపల్ కంపోస్టు యార్డుకో, పెద్ద ఎస్టీపీకో వెళ్లాలి. ట్యాంకర్‌వాడి బిల్లు చూపిస్తే చాలదు. తీసుకునే చోటు వాళ్లు నెలకి ఎంత, ఏ రూపంలో తీసుకుంటారో రాసిచ్చిన అంగీకార పత్రం, చేరినట్టు రశీదు రెండూ కావాలి. ట్యాంకర్ బయల్దేరిన తేదీ, పరిమాణం, చేరిన తేదీ ఒకే రిజిస్టరులో ఉంచండి.

దరఖాస్తుకి ఫ్లోచార్టు, బురద సంపు–ప్రెస్ గుర్తించిన లేఅవుట్, పై లెక్క, ల్యాబ్ రిపోర్టు, అంగీకార పత్రం, సీఎఫ్‌ఈ షరతుల అమలు నివేదిక, ఫీజు లెక్కకి సీఏ సర్టిఫికెట్ జత చేయండి. పర్యావరణ అనుమతి షరతుల నివేదికలు ఏటా జూన్ 1, డిసెంబర్ 1 నాటికి పంపాలి, వాటి రశీదులూ పెట్టండి. బిల్డరు పేరు మీదున్న అనుమతి అసోసియేషన్‌కి మారకపోతే ముందు పేరు మార్పు పని చూసుకోండి. నీటి చట్టం 25(7) ప్రకారం నాలుగు నెలల్లో జవాబు రాకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క, కానీ దాని మీద ఆధారపడి కూర్చోవద్దు. రెన్యువల్‌కి కూడా గడువుకు కనీసం నాలుగు నెలల ముందే వేయండి.

బురద సంపులోకి మనిషిని దించకండి, ఏ కారణానికీ. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ పేరుకుంటుంది, కాపాడబోయినవాడూ పడిపోతాడు. మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం, 2013 సెక్షన్ 7 మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకుల్లో ప్రమాదకర శుభ్రతను నిషేధిస్తుంది. సంపుని పంపుతోనో, జెట్టింగ్ యంత్రంతోనో ఖాళీ చేసే పద్ధతిని దరఖాస్తులోని నిర్వహణ విధానంలో రాయండి. ఆ యంత్రం ఎవరిదో, ఎన్నాళ్లకోసారి వస్తుందో అందులోనే పెట్టండి.